మిద్దె మీద ఎండిన సముద్రపు బురద

మీరు లాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలైతే, శాంపిల్ పోతే మళ్లీ రాదని మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. మా లాబ్‌లో ఆ మాట చెప్పే పని నాది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చెప్పాను, విననివాళ్లకు గట్టిగా చెప్పాను. నేను వరండాలోకి వస్తున్నానంటే స్కాలర్లు ఫోన్లు జేబుల్లో పెట్టేసుకునేవాళ్లు. అది చూస్తే నాకు కొంచెం గర్వంగానే ఉండేది. అలాంటిదాన్ని, పూర్తిగా పాడైపోయిన ఒక శాంపిల్‌ను పట్టుకుని వారాల తరబడి దాని చుట్టూ తిరిగాను. ఆ సంగతి ఇప్పుడు రిటైరయ్యాక తీరిగ్గా చెబుతున్నాను. టీ తెచ్చుకుని కూర్చోండి.

మా లాబ్ నెల్లూరు వైపు కోట అనే ఊరి నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉండేది. చుట్టూ రొయ్యల గుంటలు. మా ఏసీల చప్పుడు కంటే గుంటల నీళ్లకు గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్ల చప్పుడే మాకు ఎక్కువ వినిపించేది. నేను టెక్నికల్ ఆఫీసర్‌ని. అంటే పరిశోధన చేసేవాళ్లు వేరే, ఆ పరిశోధనకు కావలసిన మిషన్లు, సీసాలు, గ్యాస్ సిలిండర్లు, కోల్డ్ రూము చక్కగా ఉన్నాయా లేదా అని చూసుకునేదాన్ని నేను. పేపర్ల చివర కృతజ్ఞతలు చెప్పేచోట మా పేర్లు ఉంటాయి, అదీ గుర్తుంటే.

ఆ రోజుల్లో మా దగ్గర ఒక అమ్మాయి పీహెచ్‌డీ చేస్తుండేది. మనుబోలు పక్క ఊరు, వరి పండించే కుటుంబం. ఆమె విషయం సముద్రం అడుగున ఉండే బాక్టీరియా. మన తీరానికి చాలా దూరంగా, కిలోమీటరుకు పైగా లోతులో, నేల పగుళ్లలోంచి నూనె, గ్యాసు వాటంతట అవే ఊరుతూ ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ ఎవరూ బోరు వేయలేదు, ఏ ఓడా పగల్లేదు. నడిసముద్రంలో ఉన్నట్టుండి నీళ్లు నున్నగా తెట్టుకట్టి ఉండే తావుల గురించి జువ్వలదిన్నె పడవలవాళ్లు చాలాకాలంగా చెప్పుకుంటారు. అంత లోతులో, గాలి తగలని చలి బురదలో, ఆ నూనె మీదే బతికే సూక్ష్మజీవులు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఏ పని చేస్తున్నారు అన్నది ఆమె ప్రశ్న.

దానికోసం ఆమె ఓడ ఎక్కింది. వెళ్లిన దారంతా వాంతులే అని తర్వాత ఓడవాళ్లు చెప్పారు. ఆమె మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. తిరిగి వచ్చేటప్పుడు రెండు పొడవాటి గొట్టాల నిండా బురద తెచ్చింది. ఒకటి నూనె ఊరే చోటిది, రెండోది అదే లోతులో ఊట లేని చోటిది. రెంటినీ పోల్చి చూడాలి కదా. కొంత బురదను డీప్ ఫ్రీజర్లో గడ్డకట్టించాము. దాంట్లోంచి డీఎన్ఏ తీస్తే అక్కడ ఉన్నవాళ్ల పేర్లు తెలుస్తాయి. కానీ పేర్లు తెలిస్తే చాలదు. హాజరు పట్టీ చూస్తే ఆఫీసులో ఎవరు పని చేస్తున్నారో తెలియదు గదా. పని చూడాలంటే బతికున్న బురద కావాలి. ఆ బతికున్న బురద రెండు గొట్టాల్లో, మూతలు బిగించి, మా కోల్డ్ రూములో ఉంది. ఓడ మళ్లీ వెళ్లేది లేదు. ఆమెకు ఫెలోషిప్ చివరి ఏడు. ఆ గొట్టాలు ఉంటే డిగ్రీ, లేకపోతే మనుబోలు బస్సు. ఇది మా అందరికీ తెలుసు.

మా అందరిలో మా అటెండరు కూడా ఒకడు. నలభై దాటిన మనిషి, కాంట్రాక్టు మీద చేరాడు. అంతకుముందు కోట దగ్గరే రొయ్యల గుంటలు చేసేవాడు. తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలు పోయాయి. ఆ తర్వాత మా దగ్గర సీసాలు కడగడానికి వచ్చాడు. ఆ సంగతి తను ఎప్పుడూ మాట్లాడడు, మేమూ అడగం. పని మాత్రం చెప్పకముందే చేసేవాడు. అటెండర్లలో ఇది చాలా మంచి గుణమని నేను అందరితో చెప్పేదాన్ని. ఆ వేసవి తర్వాత అలా చెప్పడం కొన్నాళ్లు మానుకున్నాను.

మే నెలలో ఒక శనివారం గాలివాన వచ్చింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు కూడా పోయాయి. జనరేటరు తిరిగింది, డీప్ ఫ్రీజర్లు నడిచాయి. కోల్డ్ రూము కంప్రెసరు ఒక్కటి మొరాయించింది. ఆ అమ్మాయి జ్వరమని ఇంటికి పోయి ఉంది. నేను కోటలో మా ఇంట్లో, పనిచేయని ఫోనును పక్కన పెట్టుకుని, వాన వల్ల కాస్త చల్లబడిందని సంతోషిస్తున్నాను. లాబ్‌లో ఆదివారం డ్యూటీ మా అటెండరుది.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి కోల్డ్ రూము తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నేల శుభ్రంగా కడిగి ఉంది. గొట్టాలు లేవు. కుళ్లిన కోడిగుడ్డు వాసన మాత్రం ఉంది, అది మెట్ల మీదుగా పైకి పోతోంది. వాసన వెంట నేను కూడా మిద్దె ఎక్కాను.

మిద్దె మీద రెండు ట్రేలు ఉన్నాయి. ఒకటి స్టీలుది, ఒకటి నీలం ప్లాస్టిక్‌ది. రెంటిలోనూ సముద్రపు అడుగు బురద పలచగా పరిచి, ఎండలో ఆరబెట్టి ఉంది. నల్లగా ఉండాల్సిన బురద బూడిదరంగుకు తిరిగి, బీటలు తీసింది. పక్కన మా అటెండరు ఒక డబ్బా పట్టుకుని వంగి ఉన్నాడు.

"ఏందయ్యా అది?" అన్నాను.

"సున్నం మేడం. కొంచెం చల్లితే సరిపోతాది. బాగా ఎండినాది చూడండి, నిన్న పొద్దున్నించి ఎండలో పెట్టినా."

నాకు కోపం వస్తే వరండా మొత్తం వినిపిస్తుందని పేరు. ఆ పొద్దున నాకు గొంతు రాలేదు. "ఆ డబ్బా కింద పెట్టు" అని మాత్రం అనగలిగాను. అతను పెట్టాడు. ఎందుకో అర్థంకాక నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

రొయ్యల గుంటల సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. పంట తీశాక గుంట అడుగున నల్లటి బురద మిగులుతుంది, గుడ్ల కంపు కొడుతుంది. అలా ఉందంటే నేల చెడిపోయిందని లెక్క. నీళ్లు తీసేసి, బీటలు తీసేదాకా ఎండబెట్టి, సున్నం చల్లుతారు. అప్పుడుగాని మళ్లీ రొయ్యపిల్లను వదలరు. ఈ తీరంలో గుంట చేసిన ఎవరికైనా ఆ వాసన తగిలితే చేతులు వాటంతట అవే ఆ పనికి పోతాయి. మా బురదకు ఆ వాసనే ప్రాణం. గాలి తగలకూడదు, వేడి తగలకూడదు, ఎండ అసలే తగలకూడదు. మా అటెండరు ఒక్కరోజులో ఆ మూడూ తగిలించాడు, అదీ ఎంతో శ్రద్ధగా.

"ఎవురు చెయ్యమన్నారు నిన్ను?" అన్నాను, గొంతు వచ్చాక.

"చల్లదనం పోయి గొట్టాల మూతలు ఎగిరిపోయినాయి మేడం. లోపలుండే గ్యాసు పొంగి బురద బయటికి తోసుకొచ్చేసినాది. మీకు చేస్తే ఫోను పోలేదు. ఆ పాపకూ పోలేదు. ఆఫీసు ఫోను నుంచి చెన్నైలో పెద్దసారు ఒక్కరే దొరికినారు. ఏదో ఒకటి చేసి చెడిపోకుండా చూడు అన్నారు. చూసినా."

పెద్దసారు అంటే మా లాబ్ అధిపతి. మంచి శాస్త్రవేత్త. ఆదివారం భోజనానికి ముందు ఫోను వస్తే ఎవరైనా అనే మాటే ఆయనా అన్నారు.

నేను నేల మీద కూర్చున్నాను. ఎండ అప్పుడే కాలుతోంది. ఏ ట్రేలో ఏ చోటి బురద ఉందో అని అప్పుడు గుర్తొచ్చి, నీరసంగా అడిగాను. "రెండూ కలిపేసినావా?"

అంతసేపూ తలవంచుకుని ఉన్న మనిషి ఆ మాటకు నొచ్చుకున్నాడు. "ఒక గుంట మన్ను ఇంకో గుంటకు తగలనిస్తామా మేడం? రోగం అంటుకోదా? ట్రే వేరే, గరిటె వేరే. అది ముట్టుకుని చెయ్యి కడుక్కున్నాకే ఇది ముట్టుకున్నా." ప్రతి ట్రే పక్కనా దాని ఖాళీ గొట్టం, మీద లేబులుతో సహా ఉంది.

ఆ రోజు దొరికిన మంచివార్త అదొక్కటే. దానివల్ల ఏం ఒరుగుతుందో నాకు తెలియలేదు. అయినా నా చాదస్తం నాది. రెంటినీ విడివిడిగా ఎత్తి, కవర్లలో పోసి, లేబుళ్లు వేసి, లేబుళ్ల మీద మళ్లీ టేపు వేశాను. చచ్చినవాళ్లకు కూడా పేరు రాసిపెట్టాలి గదా అనుకున్నాను.

ఆ అమ్మాయి మర్నాడు వచ్చింది. నేనే చెప్పాను. కూర్చోబెట్టి, మెల్లగా చెప్పాలని రాత్రంతా మాటలు పేర్చుకున్నాను. తీరా ఆమె ఎదురుగా రాగానే అవన్నీ పోయి, "నీ బురద ఎండిపోయిందమ్మా" అన్నాను. ఆమె కవర్లు తెరిచి చూసింది. వేళ్లతో నలిపింది, పొడి అయింది. ఏడవలేదు. బాత్రూములోకి పోయి చాలాసేపు కొళాయి తిప్పి వదిలి, తర్వాత వచ్చింది. మా అటెండరు వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె అతని ముందునుంచే నడిచిపోయింది, తల ఎత్తలేదు. తిట్టి ఉంటే అతనికి కొంచెం తేలికగా ఉండేది.

పెద్దసారు అదే వారం చెన్నై నుంచి వచ్చారు. కోల్డ్ రూము చూశారు, మిద్దె చూశారు. తన ఫోను మాట సంగతి ఎత్తలేదు. నేను ఎత్తితే, "నేను ఎండబెట్టమన్నానా అమ్మా?" అన్నారు. అది నిజమే. అటెండరు కాంట్రాక్టు ఈసారి పొడిగించడం కష్టమన్నారు. అమ్మాయి విషయం వచ్చే నెలాఖరులో ఫెలోషిప్ కమిటీ ముందుకు వస్తుంది, చూపించడానికి పనేమీ లేకపోతే తను ఏం మాట్లాడగలనన్నారు. ఆయన గొంతులో బాధ ఉంది. కాదనను. కానీ ఆయన బాధకు చెన్నైలో ఇల్లుంది, నెలనెలా జీతం ఉంది.

తర్వాత కొన్ని రోజులు ఆమె లాబ్‌కు వచ్చి ఊరికే కూర్చునేది. ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, మా ఇంట్లో విత్తనం వడ్లు ఎండబెట్టి గోతాల్లో పోస్తారు. ఎండకు చచ్చిపోతాయా అవి?"

"ఇప్పుడు వడ్ల సంగతి ఎందుకు ఎత్తినావు?"

"చెప్పండి మేడం, చస్తాయా?"

"చావవు. ఎండబెట్టేదే నిలవ ఉంటాయని."

"ఈ బాక్టీరియాలో కొన్ని గింజకట్టి పడుకుంటాయి మేడం. చుట్టూ గట్టి పొర కట్టుకుని. గాలి తగిలినా, ఎండినా, ఉడికినా వాటికి ఏం కాదు. నూనె ఊరేది ఎక్కడినించి? చాలా లోతు నుంచి. అక్కడ నేల వేడిగా ఉంటాది. ఆ వేడిలో బతికేవి నూనెతో పాటు పైకి కొట్టుకొచ్చి, సముద్రం అడుగున చలికి గింజల మాదిరి పడుకుని ఉంటాయని చదివినా. మామూలుగా మనం చలిలోనే పెంచుతాము గదా. వాటిని లేపే పని మనం చెయ్యము. ఇప్పుడు మామూలువన్నీ ఎట్లాగూ చచ్చిపోయినాయి." ఊపిరి తీసుకుంది. "విత్తనం నానబెట్టి, మూటగట్టి, పైన గడ్డి కప్పి బరువు పెడతారు. మండె కడతారు. లోపల వేడి పుడితేనే మొలక వస్తాది. దీన్ని కూడా మండె కడదాం మేడం."

నాకు నమ్మకం కలగలేదు. ఆ మాటే చెప్పాను కూడా. కానీ జ్వరం నుంచి లేచాక ఆమె అన్ని మాటలు వరుసగా మాట్లాడడం అదే మొదటిసారి. అందుకని లేచి సీసాలు తీశాను.

పద్ధతి మీకు తెలిసిందే, తెలియనివాళ్లకు క్లుప్తంగా చెబుతాను. మందపాటి గాజు సీసాలో మరిగించి గాలి తీసేసిన ఉప్పునీళ్లు, కొంచెం తిండి, చిటికెడు ఎండు బురద. పైన నైట్రోజన్ వదిలి, రబ్బరు బిరడా బిగించి, వేడి ఇంక్యుబేటర్లో పెట్టాలి. మన రోహిణి కార్తె ఎండ దానిముందు చలికాలమే. నైట్రోజన్ సిలిండరు అడుగంటి ఉంది, కొత్తది ఎప్పుడొస్తుందో దైవానికే తెలియాలి. అందుకని నూనె ఊరే చోటి బురదతో మాత్రమే సీసాలు కట్టాము. రెండోదాని సంగతి అప్పట్లో ఎవరికీ పట్టలేదు.

వారం తిరక్కముందే సీసాల్లో నీళ్లు మసకబారాయి. సీసా చల్లారనిచ్చి, గాజు సిరంజి సూదిని బిరడాలో గుచ్చితే, లోపల గ్యాసు పుట్టి ఉంటే అది సిరంజి కడ్డీని దానంతట అదే పైకి తోస్తుంది. ఆమె గుచ్చింది. కడ్డీ లేచింది. ఎవరూ ముట్టుకోకుండానే మెల్లగా, నిబ్బరంగా లేచింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజు ఒకటి వంకర పోయింది, ఇప్పటికీ అలాగే ఉంది.

మా అటెండరు తలుపు దగ్గర నిలబడి, "బతికినాయా?" అని నన్ను అడిగాడు. ఆమెను అడిగే ధైర్యం అతనికి ఇంకా రాలేదు.

పెద్దసారుకు ఫోను చేశాము. ఆయన అంతా విని, చాలా మామూలుగా ఒక మాట అన్నారు. "మీ మిద్దె మీద దుమ్ములో కూడా అవి ఉంటాయమ్మా. పేడకుప్పలో ఉంటాయి, చెత్తకుప్పలో ఉంటాయి. ఒక పగలు ఒక రాత్రి ఆరుబయట పెట్టిన బురదలో పెరిగింది సముద్రానిదని నేను కమిటీకి ఎలా చెప్పను?"

ఫోను పెట్టేశాక నాకు ఆయన మీద ఒళ్లుమండింది. కాసేపటికి ఆ మంట చల్లారింది, ఎందుకంటే ఆయన చెప్పింది సరైనదే. మా మిద్దె మీదికి కాకులు వస్తాయి, రోడ్డు మీది దుమ్ము వస్తుంది, పక్క గుంటలవాళ్ల కోళ్లెరువు వాసన కూడా వస్తుంది.

ఆ అమ్మాయి గోడవైపు తిరిగి కూర్చుంది. నేను కవర్లు దాచిన బీరువా వైపు చూస్తూ ఉన్నాను. ఇద్దరిలో ఎవరికి ముందు తట్టిందో చెప్పలేను. "రెండో ట్రే" అని ఇద్దరం ఒకేసారి అన్నామని ఆమె అంటుంది. తానే ముందు అన్నా, పెద్దదాన్నని నాకు వాటా ఇచ్చిందని నా అనుమానం.

రెండో ట్రే కూడా అదే మిద్దె మీద, అదే ఎండలో, అదే దుమ్ములో ఉంది. దాంట్లోది కూడా అదే లోతు నుంచి తెచ్చిన బురదే, నూనె ఊట ఒక్కటే లేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి వేడి చూపిస్తే, దుమ్ములోనివైతే రెంటిలోనూ లేస్తాయి. నూనెతో వచ్చినవైతే మొదటిదాంట్లోనే లేస్తాయి, రెండోది మాట్లాడకుండా ఉండాలి. ట్రేలు కలిసి ఉంటే ఈ లెక్క కుదిరేదే కాదు.

సిలిండరు కోసం నేను నెల్లూరు పోయి, సప్లై ఆఫీసులో ఒక పూటంతా కూర్చుని, పట్టుకునే వచ్చాను. అక్కడి గుమాస్తాకు నేను ఇప్పటికీ గుర్తుంటాను. రెండు బురదలతోనూ ఒకేరోజు, ఒకే నీళ్లతో సీసాలు కట్టాము.

ముప్పై ఏళ్లకు పైగా సీసాల్లో ఏదో ఒకటి పెరగాలని కోరుకుంటూ ఉద్యోగం చేశాను. ఏమీ పెరగకూడదని మొక్కుకున్నది ఆ రోజుల్లోనే. నూనె చోటి సీసాలు అనుకున్న వేళకే మసకబారాయి. వాటివైపు ఎవరమూ సరిగా చూడను కూడా చూడలేదు. ముగ్గురమూ రెండో వరుస వైపే చూసేవాళ్లం. నీళ్లు తేటగా ఉన్నాయా? ఉన్నాయి. సాయంత్రం? ఉన్నాయి. మా అటెండరు పొద్దున రాగానే చెప్పులు విప్పి, ఇంక్యుబేటరు అద్దంలోంచి తొంగిచూసి, ఆసుపత్రి నుంచి వచ్చినవాడిలా నా దగ్గరికి వచ్చి, "నిమ్మళంగా ఉండాయి మేడం" అనేవాడు. ఆ అమ్మాయి అతనితో అప్పుడప్పుడూ ఒకటి రెండు మాటలు మాట్లాడడం మొదలుపెట్టింది. ముందు "సీసాలు కడిగినావా అన్నా" అని, తర్వాత "తిన్నావా అన్నా" అని.

కమిటీ రోజు దగ్గరపడింది. ఆ ముందురోజు పెద్దసారు తనే వస్తానన్నారు, వచ్చారు. తన కళ్లముందే కొలవమన్నారు. ముందు నూనె చోటి సీసా. కడ్డీ లేచింది. ఆయన తలూపారు. తర్వాత రెండోది. నిన్నటిదాకా చల్లారనిచ్చి, ఓపిగ్గా చేసిన పిల్ల ఆ పూట తొందరపడింది. సీసాను ఇంక్యుబేటర్లోంచి తీసి, గుడ్డతో పట్టుకుని, వేడివేడిగానే సూది గుచ్చింది.

కడ్డీ కదిలింది.

ఎక్కువ కాదు, వెంట్రుకవాసి. కానీ కదిలింది, అందరమూ చూశాము. ఆమె మొహం తెల్లబోయింది. మా అటెండరు తలుపు దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన నోరు తెరవబోయేలోగా నేను తెరిచాను, అది నాకు అలవాటే.

"ఎవురూ ముట్టుకోవద్దు. సూది అట్లే ఉండనీయండి. కాగిన సీసాలో గాలి పొంగదా? చల్లారనీయండి."

సీసాను బల్లమీద పెట్టాము. బయట ఏరేటర్లు తిరుగుతున్నాయి. నేను నా జీవితంలో అంతసేపు అరవకుండా ఉన్నది ఆ రోజే. మెల్లగా, కంటికి తెలిసీ తెలియకుండా, కడ్డీ వచ్చిన దారినే వెనక్కి జారింది. జారి, మొదట ఉన్న గీత దగ్గర ఆగింది. మొదటి సీసా కడ్డీ మాత్రం లేచినచోటే, చల్లారినా దిగకుండా నిలబడి ఉంది.

మిగిలిన సీసాలు చల్లార్చి గుచ్చాము. ఒక్కటీ కదలలేదు.

ఆ క్షణం నాకు ఎలా ఉందో దాచుకోకుండా చెబుతాను. బల్ల పట్టుకుని నిలబడ్డాను. అన్ని వారాలుగా గుండెల మీద కూర్చున్నది లేచి పోయింది. ఆ అమ్మాయి పకపకా నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పెద్దసారు ప్రతి సిరంజీనీ వంగి వంగి చూసి, కళ్లద్దాలు పెట్టుకుని, మా అటెండరు వైపు తిరిగారు. "నేనే చెప్పాను గదయ్యా నీకు, చెడిపోకుండా చూడమని" అన్నారు. ఫోను మాట ఆయనకు అప్పటికి గుర్తొచ్చింది. ఏమైనా, గుర్తొచ్చినందుకు నేను ఆయనకు నమస్కారం పెట్టుకున్నాను. మర్నాడు కమిటీ ముందు ఆ అమ్మాయి తరఫున మాట్లాడింది ఆయనే, గట్టిగానే మాట్లాడారట. ఆమెకు గడువు దొరికింది. అటెండరు కాంట్రాక్టు కాగితం కూడా మారుమాట లేకుండా సంతకమై వచ్చింది.

కొన్ని నెలల తర్వాత ఆమె థీసిస్ రాస్తూ లాబ్‌లో కూర్చుని ఉంది. నేను సీసాలు సర్దుతున్నాను. అతను నేల తుడుస్తున్నాడు. ఆమె కంప్యూటరు ముందు నుంచి కుర్చీ వెనక్కి తిప్పింది.

"అన్నా, బురద ఎంత పలచగా పరిచింది, ఎంతసేపు ఎండింది, అంతా రాసినా. ఎందుకు ఎండబెట్టినామో రాయాల. పెద్దసారు చెప్పినారని రాయనా?"

అతను తుడిచే గుడ్డను బకెట్లో పిండాడు.

"సారు చెప్పకపోయినా చేసేవాణ్ణి పాపా" అన్నాడు. "నా గుంటల్లో తెల్లమచ్చ దిగినప్పుడు గట్టు మీద నిలబడి చూస్తా ఉండా. రొయ్యలు ఒడ్డుకొచ్చి, తేలి, నా కళ్ల ముందరే చచ్చిపోతా ఉండాయి. ఏం చెయ్యాల్నో తెలీక చూస్తానే నిలబడినా. మా ఆడమనిషి ఇప్పటికీ అంటాది, ఏదో ఒకటి చేసుంటే బాగుండునని. ఆ ఆదివారం తలుపు తీస్తే, నువ్వు వాంతులు చేసుకుంటా తెచ్చిన బురద నేలమీద కారిపోతా ఉండాది. నువ్వు లేవు. మేడం లేరు. ఇంకోతూరి చూస్తా నిలబడలేకపోయినా."

ఆమె కంప్యూటరు వైపు తిరిగింది. టైపు చేసింది, కొట్టేసింది, మళ్లీ టైపు చేసింది.

"దీన్ని ఇంగ్లీషులో ఎట్లా రాయాల్నో నాకు తెలియడం లేదన్నా."

"రాయొద్దులే పాపా" అని అతను బకెట్టు ఎత్తుకుని బయటికి వెళ్లాడు.

ఆమెకు డిగ్రీ వచ్చింది. ఆ థీసిస్ మా లైబ్రరీలో ఉంది. బురదను ఆరుబయట పలచగా పరిచి ఎండబెట్టామని, రెండు చోట్ల బురదనూ వేరువేరు ట్రేల్లో ఉంచామని అందులో ఉంది. ఎందుకు ఎండబెట్టామో మాత్రం లేదు. ఎక్కడో ఒకచోట అది కూడా ఉండాలనిపించి ఇక్కడ రాశాను.